గాడి తప్పింది బిట్ కాదు

ములబాగిలు దగ్గర మా పాత ఇల్లు పడగొట్టినప్పుడు వాకిలి తలుపు పలకలు నాలుగు మా వంతుకు వచ్చినాయి. మంచి టేకు. మా తాత కాలంలో ఆచారి మా అరుగు మీదే కూర్చుని చేసిన తలుపు అది. ఆ పలకలు బెంగళూరు ఇంటి అటక మీద గోనెపట్ట కింద ఏళ్ల తరబడి పడి ఉండినాయి. పోయిన ఎండాకాలం మేము అక్కా తమ్ముడూ కలిసి వాటితో అవ్వకు దేవుడి గూడు చేద్దామనుకున్నాం. పక్క పలకల్లో గాడి కొట్టి, వెనక పలచటి ప్లై దూర్చాలి. అంతే పని.

మొదటి పలక పాడయింది. గాడి ఈ చివర 6 మి.మీ. లోతు, ఆ చివర 9. అంచులు కాలి నల్లబడినాయి. బాబాయి చూసి, “తాత తలుపును ఇట్లా చేసినారు కదప్పా, మిగిలినవన్నా ముట్టుకోకండి” అన్నాడు. ఈ రాత ఆయనకు జవాబు కూడా.

అప్పుడు మేము చేసిన తప్పే ఇట్లాంటి పని ఇంట్లో మొదలుపెట్టినవాళ్లు చాలామంది చేస్తారు. బిట్ మంచిది కాదని తిట్టుకుని, అంగడికి పోయి ఇంకొకటి కొన్నాం. అదీ అట్లే కోసింది. నాన్న చెక్క ముదురు అన్నాడు. అంగడాయన మిషన్ చిన్నది అన్నాడు. ఎవరి మాట విన్నా ఖర్చు మాదే.

మాలో ఒకరి ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఆఫీసులో తప్పు కనబడితే ముందు దాన్ని మళ్లీ రప్పించాలి, తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రోజూ చేసే ఆ పని ఇంట్లో టేకు పలక ముందర గుర్తు రాలేదు. బిట్, స్పీడు, లోతు మూడూ ఒకేసారి మార్చేసినాం. అట్లా మారిస్తే బాగైనా ఎందుకు బాగైందో తెలీదు.

రెండోసారి మామిడి చెక్క ముక్కలు తెచ్చుకున్నాం. ప్లగ్ పీకి, బిట్‌ను బిగించి, దాని కాడ మీద కాలెట్ నట్ అంచు దగ్గర మార్కర్ పెన్నుతో గీత గీసినాం. (కాలెట్ అంటే బిట్ కాడను చుట్టూ పట్టుకునే చీలికల గొట్టం.) ఒక గాడి కొట్టి చూస్తే గీత నట్‌ను వదిలి కిందికి దిగింది. బిట్ జారుతోంది! మిషన్ ముందుకు పోయే కొద్దీ బిట్ బయటికి వస్తుంది, గాడి లోతవుతుంది. కాడ మీద గోధుమరంగు వలయాలు కూడా ఉన్నాయి, కాలెట్‌లో తిరిగి తిరిగి రాసుకున్న గుర్తు.

ఎందుకు జారింది? కాలెట్ పావు అంగుళానిది, అంటే 6.35 మి.మీ. బిట్ కాడ 6 మి.మీ. మన అంగళ్లలో రెండూ దొరుకుతాయి, చేతిలో పట్టుకుంటే తేడా తెలీదు. కన్నడంలో “కాలు ఇంచిది” అని అడిగినాం, ఆయన ఇచ్చినాడు, మేము కొలవలేదు. స్పానర్‌తో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది కూడా. రెండో బిట్‌నూ అదే కొలతలో తెచ్చుకున్నాం కాబట్టి రెండోసారీ అదే గతి. వర్నియర్ కాలిపర్ పెట్టి చూడడానికి ఎంతసేపు? అర నిమిషం.

సరైన కాలెట్ వేసినా దానిలో పొట్టు, జిగురు ఉంటే పట్టు ఉండదు, తుడవాలి. కాడను అడుగు తగిలేదాకా దూర్చి, రెండు మూడు మి.మీ. వెనక్కి లాగి బిగించాలి. పూర్తిగా ఆనించి బిగిస్తే కాలెట్ సరిగ్గా ముడుచుకోదు.

గాడి వంకరపోయేది వేరే కథ. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు దిక్కుగా తిరుగుతుంది, అందుకని మిషన్‌ను మన ముందుకు తోస్తే అది ఎడమకు లాగుతుంది. పలక మీద బిగించే బద్ద మిషన్‌కు ఎడమ పక్క ఉంటే మిషన్ దానికే ఆనుకుని పోతుంది. మేము కుడి పక్క కట్టి, చేతి బలంతో అదిమిపట్టుకున్నాం. చేతులు నొప్పి, గాడి వంకర.

ఇంక కాలడం. 6 మి.మీ. లోతు ఒక్క దెబ్బకు కొట్టకుండా మూడు, మూడుగా రెండుసార్లు కొట్టినాం. మధ్యలో ఆగకుండా తోసినాం. ఆగిన చోటే నల్లబడుతుంది.

బిట్ మొద్దుబారదని మేము అనడం లేదు. టేకులో సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు బిట్ పదును తొందరగా పోగొడుతుంది. కార్బైడ్ బిట్ కొనాల్సిందే. కానీ కాలెట్, బద్ద, లోతు చూసుకున్న తర్వాతే బిట్ మీద నింద వెయ్యాలి. మేము పారేసిన మొదటి బిట్ బాగానే ఉండిందని ఇప్పుడు అనిపిస్తుంది.

బాబాయి మాటకు వస్తాం. చేత్తో చేసిన ఆచారికి ఉలి జారితే చేతికే తెలిసేది, మీకు మిషన్ చప్పుడు తప్ప ఏమీ తెలీదు అంటాడు ఆయన. ఆ మాట నిజమే. అందుకే చేతికి తెలియనిది గీత గీసి చూడాల్సి వచ్చింది. కానీ పలకలను అటక మీద దాచిపెడితే తాత గుర్తుంటాడన్నది మేము ఒప్పుకోం. గోనెపట్ట కింద అవి ఉన్నాయని మా పిల్లలకు తెలీను కూడా తెలీదు. తాత తలుపు తియ్యడానికీ వెయ్యడానికీ చేయించుకున్నాడు, దాచడానికి కాదు.

మిగిలిన మూడింటిలో రెండు కోసినాం. రెండు చివర్లా కొలిస్తే 6, 6. పాడయిన పలకను అడ్డంగా కోసి గూటి కింది పీట చేసినాం, ఆ వంకర గాడి లోపలి వైపుకు పోయింది. గూట్లో ఇప్పుడు అవ్వ దీపం పెడుతుంది. నాలుగో పలక అటక మీదే ఉంది. బాబాయి ఉగాదికి వస్తాడు, ఆయన చేతికే ట్రిమ్మర్ ఇస్తాం. మామిడి ముక్కలు ఇంకా రెండు మిగిలినాయి.