అమ్మమ్మ కథను ఫోన్ చంపలేదు

బాలసాహిత్యం మీద సభ పెడితే చాలు, ఎవరో ఒకరు లేచి అమ్మమ్మ కథను ఫోన్ మింగేసిందని శోకాలు మొదలుపెడతారు. చప్పట్లూ పడతాయి. ఆ అమ్మమ్మకు కథలు ఎక్కడివని మాత్రం ఎవరూ అడగరు.

చాలా కథలు ఆమెకు అచ్చులోంచీ, సినిమా తెర మీంచీ అందాయి. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీ దారిలో మణిసిద్ధుడు గొల్లపిల్లవాడికి చెప్పినట్టు కూర్చిన కాశీ మజిలీ కథలు ఇళ్లలో చేతులు మారాయి. 1947 జూలైలో 'చందమామ' వచ్చాక చదువొచ్చినవాళ్లు చదివితే, రానివాళ్లు విని సొంత మాటల్లో పిల్లలకు చెప్పుకున్నారు. 1951లో 'పాతాళ భైరవి' రాగానే తోటరాముడూ నేపాళ మాంత్రికుడూ మంచాల మీది కథల్లోకి దూరిపోయారు. ఆ సినిమా కథే కాశీ మజిలీకి అల్లావుద్దీన్ దీపం తోడైన అతుకుల బొంత. స్వచ్ఛమైన మౌఖిక కథ అంటూ ఏడ్చేవాళ్లు దీన్ని ఏ గంపలో వేస్తారు?

బాలనాగమ్మ కథ సంగతి చూడండి. బుర్రకథల్లో తంబురా మీద పాడారు, సురభివారు రంగస్థలం ఎక్కించారు, 1942లో జెమినీవారు సినిమా తీశారు. ఆ కథలోని మాయలవాడు ఒకచోట ఫకీరు, మరోచోట మరాఠీ. వాడి ప్రాణమున్న చిలక మాత్రం ఎక్కడికీ ఎగిరిపోలేదు.

ఫోన్‌కు ఊ కొట్టే పనిలేదు కదా అంటారు. నిజమే. రేడియోకూ కొట్టక్కర్లేదు; అయినా 'రేడియో అన్నయ్య' న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి గొంతుల కోసం పిల్లలు రేడియో చుట్టూ మూగారు.

యూట్యూబ్‌లో కీలుబొమ్మల్లా కదిలే అత్తాకోడళ్ల కథలను చూసి ముక్కు విరవడం ఇప్పటి ఫ్యాషన్. బొమ్మలు నాసిరకమే, ఒప్పుకుంటాను. కానీ గయ్యాళి అత్త, తెలివైన కోడలు, కోరింది వండిపెట్టే మాయకుండ... ఇవి ఆడవాళ్లు వడ్లు దంచుతూ చెప్పుకున్న సరుకు కాదా? పండితుల సంకలనాలు పట్టించుకోకుండా వదిలిన కథలకు ఈ చౌక బొమ్మలే నీడనిచ్చాయి.

నా తగువు వేరేవాళ్లతో. ఏడు చేపల కథలో ఒక చేప ఎండలేదు. ఎందుకని గడ్డిమోపును, ఆవును, గొల్లవాణ్ణి, అవ్వను, ఏడ్చే పిల్లను అడుగుతూ పోతే చివరికి చీమ దొరుకుతుంది. తన పుట్టలో వేలుపెడితే కుట్టనా అంటుంది. అంతే, కథ అయిపోయింది. నీతి లేదు, పిల్లలకు అక్కర్లేదు కూడా. ఇప్పుడు యూట్యూబ్‌లో అలాంటి కథలకూ చివర ఒక నల్లపలక, దాని మీద తెల్లక్షరాల 'నీతి'. ఆ పలకను తగిలించింది ఫోన్ కాదు, నీతి లేనిదే కథ పనికిరాదని దశాబ్దాలుగా చెబుతున్న మన పెద్దలే. ఆ సభల్లో శోకాలు తీసేదీ వాళ్లే.