చల్లని కోటు వేసుకుంటే వడదెబ్బ తగలదా?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. రోడ్డు పనుల్లో మేస్త్రీ. రక్తపోటుకు మాత్రలు వాడుతున్నారు. నిరుడు మే నెలలో పని దగ్గర కళ్లు తిరిగి పడిపోయారు. ఒంటిని చల్లగా ఉంచే కోట్లు తెప్పిస్తానని, ఇక మధ్యాహ్నం పని ఆపనక్కరలేదని కాంట్రాక్టరు అంటున్నాడట. అవి వేసుకుంటే వడదెబ్బ భయం ఉండదా?
— ఒక సోదరి, విజయవాడ

జవాబు: కోటు మేలు చేస్తుంది గాని, విశ్రాంతికి బదులు కాదమ్మా.

ఈ కోట్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది నీళ్లలో తడిపి, పిండి తొడుక్కునేది. కుండలో నీళ్లు చల్లబడినట్టే, తడి ఆరుతూ ఒంటి వేడిని లాగుతుంది. కర్నూలు, నిజామాబాదుల పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. మీ ఊళ్లో ఉక్కపోసే రోజున తడి ఆరదు, బరువే మిగులుతుంది.

రెండవది ఐసు గాని, గడ్డకట్టి కరిగే మైనం వంటి పదార్థం గాని నింపిన పొట్లాలు పెట్టుకునేది. ఉక్కలోనూ పనిచేస్తుంది. అయితే ఒకటి రెండు గంటల్లో కరిగిపోతుంది. మరో జత సిద్ధంగా ఉండాలి. ఐసు నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్‌కు ముందు అమెరికా క్రీడాకారిణి డీనా కాస్టర్ ఇలాంటిదే తొడుక్కుంది, కాంస్యం గెలిచింది. కాని అది పరుగుకు ముందు మాత్రమే.

మూడవది చిన్న ఫ్యాన్లు అమర్చినది. జపానులో కట్టడాల దగ్గర వాడతారు. చెమటను ఆరబెడుతుంది గాని, ఎండ మరీ ముదిరితే వడగాలినే లోపలికి తోస్తుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఛాతీ చల్లగా ఉంటే మనిషికి హాయిగానే ఉంటుంది. ఒంటి లోపలి వేడి మాత్రం పెరుగుతూ ఉండవచ్చు. కనుక కోటు ఉన్నా మిట్టమధ్యాహ్నం బరువు పని వద్దు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి నీళ్లు తాగాలి. ఎండలు మొదలైన తొలి వారం పని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. రక్తపోటు మాత్రల్లో కొన్ని ఒంట్లో నీరు తగ్గిస్తాయి. వేసవికి ముందే మీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మానిపించవద్దు.

మాట తడబడినా, తూలినా, తికమకపడినా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడవద్దు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరాలి, 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఈ మాటలు ఆయన తోటి పనివారికీ చెప్పి ఉంచండి. అవసరం పడినప్పుడు పక్కన ఉండేది వారే.