విశ్రాంతిని పారేసి మైలను అమ్ముతున్నారు

స్త్రీ శరీరాన్ని శుద్ధి చేస్తామనేవారికి మన దేశంలో ఎన్నడూ కొదవ లేదు. ఒకప్పుడు ఆ పని పురోహితుడు చేసేవాడు; ఇప్పుడు వర్తకుడు చేస్తున్నాడు. ఎండు మూలికల పొట్లం, మధ్యలో రంధ్రం ఉన్న పీట, కింద మరిగిన నీళ్ళ గిన్నె - ఇదీ సరంజామా. దీని మీద కూర్చుని యోనికి ఆవిరి పడితే తెల్లబట్ట పోతుందనీ, ముట్టునొప్పి తగ్గుతుందనీ, గర్భసంచిలోని విషాలు బయటికి వస్తాయనీ చెబుతారు. పైగా ఇది అమ్మమ్మల నాటి విద్య అట!

అమ్మేవాడు తన సరుకును పొగడక మానడు. కనక నా తగాదా వాడితో కాదు, మన మిత్రులతో. ఈ ఆవిరిని తప్పుపడితే ప్రజల వైద్యాన్ని పాశ్చాత్యుల కళ్ళతో చూస్తున్నామని కొందరు అభ్యుదయవాదులే ఎదురుతిరుగుతున్నారు. నేను వైద్యురాలిని కాను. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. అయినా ఈ వివాదం సగం మాటలకు సంబంధించినది గనక నాకూ ఇందులో పాలున్నది.

మొదట, ఇది ఏ అమ్మమ్మ విద్య? కొరియాలో ఇటువంటి ఆవిరిని ఛ్వాహున్ అంటారు. మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతికి చెందిన ఆకునే అక్కడ వాడతారు. ఇండొనీషియాలోనూ, మధ్య అమెరికాలోనూ ఇలాంటి ఆచారాలున్నాయి. 2015లో హాలీవుడ్ నటి గ్వినెత్ పాల్ట్రో నడిపే గూప్ సంస్థ లాస్ ఏంజెలెస్‌లోని ఒక స్నానశాలలో పట్టే ఈ ఆవిరిని మెచ్చుకున్నది. దానితో అది ప్రపంచమంతటా షోకు అయింది. కొరియా ముసలమ్మ సొత్తు అమెరికా మీదుగా మనకు చేరేసరికి మన అమ్మమ్మ పేరు తగిలించారు.

మన అమ్మమ్మలకు తెలిసింది వేరు. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో బాలింతకు స్నానం చేయించేవారు. నులకమంచం మీద పడుకోబెట్టి కింద కుంపటి పెట్టి సాంబ్రాణి పొగ వేసేవారు. నడుముకు గుడ్డ బిగించి కట్టేవారు. కాయం పెట్టేవారు. ఈ ఆచారంలో రెండు వస్తువులు కలిసి ఉన్నాయి. ఒకటి విశ్రాంతి: బరువులెత్తకుండా, బావికి పోకుండా, మరొకరు వండిపెడితే తిని పడుకునే కొన్ని వారాలు. రెండోది మైల: ఆమెను అంటరాదు, ఆమె ఒక మూల గదిలో ఉండాలి, దాహం వేసినా నీళ్ళు కొలిచి తాగాలి. మొదటిది మనుషుల ప్రేమ లోంచి, అనుభవం లోంచి పుట్టింది. రెండోది స్త్రీని అపవిత్రంగా చూసిన సమాజం నుంచి పుట్టింది.

వర్తకుడు ఏం చేశాడు? విశ్రాంతిని అవతల పారేసి మైలను అట్టేపెట్టుకున్నాడు. విశ్రాంతిని పొట్లం కట్టి అమ్మడం కుదరదు, మైలను అమ్మవచ్చు. డిటాక్స్ అన్న మాటకు ఇంగ్లీషు తొడుగు తీసి చూడండి, లోపల ఉన్నది పాత శుద్ధే. శుద్ధి కావాలంటే ముందు మురికి ఉండాలి. ఆఫీసు నుంచి వచ్చి వంట చేసి, పిల్లలను పడుకోబెట్టిన స్త్రీని, రాత్రి పదింటికి ఇరవై నిమిషాలు ఆ పీట మీద కూర్చుని తన మురికి కడుక్కోమంటున్నారు. దీనికి స్వీయ సంరక్షణ అని పేరు!

యోనిలో మురికి లేదు. అక్కడ సహజంగా ఉండే లాక్టోబాసిల్లై అనే సూక్ష్మజీవులు ఆమ్లాన్ని పుట్టించి అంటురోగాలను అడ్డుకుంటాయి. కింద పట్టిన ఆవిరి గర్భసంచికి చేరదు, చర్మాన్ని కాల్చగలదు. 2019లో కెనడా వైద్య పత్రిక ఒకదానిలో 62 ఏళ్ళ స్త్రీ ఉదంతం వచ్చింది. అవయవం కిందికి జారిన బాధకు ఆపరేషను తప్పించుకోవాలని ఆమె మరిగే నీళ్ళ మీద కూర్చుని ఒళ్ళు కాల్చుకున్నది.

మన శాస్త్రాల పేరు చెబుతారా? చరకసంహిత చికిత్సాస్థానం 30వ అధ్యాయంలో 20 యోనివ్యాపత్తులను విడివిడిగా లెక్కించారు. ఆ వర్గీకరణ ఈనాడు నిలవకపోవచ్చు. కాని ఒక రోగానికీ మరో రోగానికీ తేడా ఉందని ఆ గ్రంథకర్తకు తెలుసు. అన్నిటికీ ఒకే పొట్లం ఇచ్చే ఈనాటి వర్తకుడికి తెలియదు.

మిత్రుల వాదనలో ఒక నిజం మాత్రం ఉంది. స్త్రీలు ఆసుపత్రిని నమ్మకపోవడానికి కారణాలున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మందికి కాస్త పైన. తెలంగాణలో 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. మాత్రలతో తగ్గే తెల్లబట్టకు గర్భసంచే తీసేస్తామనే కత్తిని చూసిన స్త్రీకి ఆవిరి గిన్నె దయగా కనిపించడంలో వింత లేదు. అయితే కత్తి వ్యాపారానికి జవాబు గిన్నె వ్యాపారమా? ఇద్దరూ ఆమెకు చెప్పనిది ఒక్కటే: ఆమెకు వచ్చిన జబ్బు ఏమిటి అన్నది.

ప్రజల విజ్ఞానాన్ని గౌరవించేవారు దానిలోని సారాన్ని కోరాలి, పొగను కాదు. సారం విశ్రాంతి. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. నాట్లు వేసే కూలి స్త్రీకి అందులో ఒక్క రోజు కూడా దక్కలేదు. పచ్చిబాలింతగా బురదలో వంగి, బరువులు మోసి, గర్భసంచి జారేది ఆమెకే. పైగా అదే సర్వేలో ఈ వయసు స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో 57 మందికి పైగా రక్తహీనులని తేలింది. ఏ మూలిక ఆవిరి ఆ రక్తాన్ని తెచ్చి పెడుతుంది?

కూలి స్త్రీకి జీతంతో ప్రసూతి సెలవు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేసి జబ్బు పేరు విడమరచి చెప్పే వైద్యురాలు, తన శరీరం గురించి సిగ్గులేకుండా తెలుగులో చదువుకునే పాఠం - మనం అడగవలసినవి ఇవి. చివరిది అసాధ్యం కాదు. 1991లో హైదరాబాదు స్త్రీలు 'సవాలక్ష సందేహాలు' అనే పుస్తకంతో ఆ పని మొదలుపెట్టారు. దానిని మన కళాశాలల్లోకి తేవడం ఉపాధ్యాయులుగా మన వంతు. అమ్మమ్మ మీద నిజంగా గౌరవముంటే ఆమె వేసిన మంచాన్ని తిరిగి వేయండి. కింద పొగ లేకపోయినా ఫరవాలేదు.