మాకో పూట సెలవు కావాలి
(అమ్మల సంఘం తొలి ప్రణాళిక)

కిందటి నెలలో ఒక మంగళవారం భవిత కేంద్రం వరండాలో ఏడుగురం కూర్చున్నాం. లోపల పిల్లలకు ఫిజియోథెరపీ జరుగుతోంది. మాటల మధ్యలో ఒకామె అడిగింది: "ఒక్కదానివే బజారుకెళ్లి ఎన్నాళ్లయిందక్కా?" ఎవరికీ వెంటనే గుర్తు రాలేదు. ఒకామెకు చెల్లెలి పెళ్లి చీర కొనడం గుర్తొచ్చింది. ఆ పెళ్లయి తొమ్మిదేళ్లు. అందరం నవ్వాం. ఆ నవ్వు ఆగాక ఒకరి చేతిసంచిలోంచి థెరపీ నోట్‌బుక్కు తీసి, వెనక పేజీల్లో ఇది రాయడం మొదలుపెట్టాం.

మేం సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, మేధోవైకల్యం, కండరాల క్షీణత ఉన్న పిల్లల తల్లులం. మాలో కూలికెళ్లేవాళ్లున్నారు, మిషను కుట్టేవాళ్లున్నారు, టీచరు ఉద్యోగం మానుకుని ఇంట్లో కూర్చున్నామె ఉంది. సంఘానికి పేరింకా కుదరలేదు. ఒక పెద్దాయన 'మాతృదేవోభవ' అని పెట్టమన్నారు. ఆయన మీద గౌరవం ఉంచుకునే వద్దన్నాం. ఒకసారి దేవతను చేశాక ఆమెకూ ఆకలి, నిద్ర, నడుంనొప్పి ఉంటాయని ఎవరికీ తోచదు. త్యాగమూర్తి అన్న మాట కూడా మాకొద్దు. త్యాగం అంటే ఇష్టపడి వదులుకోవడం. మమ్మల్నెవరూ అడగలేదు.

మా పని ఏమిటో ఒకసారి చెప్పనివ్వండి. మాలో ఒకరి కొడుక్కి పద్నాలుగేళ్లు, 38 కిలోలు. మంచం నుంచి బాత్రూముకి, అక్కణ్నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి ఎండలోకి, మళ్లీ మంచానికి రోజుకు పదిసార్లయినా ఎత్తాలి. పొరబోకుండా మెడ నిలబెట్టి జావ తాగించడానికి గిన్నెకు ముప్పావు గంట. ఫిట్స్ మందు పూట తప్పకూడదు. రాత్రి లేచి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. వాడు ఏటేటా బరువెక్కుతున్నాడు, ఆమె ఏటేటా నీరసిస్తోంది. ఆమె ఎత్తలేని రోజు ఒకటి వస్తుంది. ఏ ఆఫీసు దరఖాస్తులోనూ ఆ రోజు గురించి రాయడానికి గడి లేదు.

పైగా నింద. "గ్రహణం నాడు కూరగాయలు తరిగావా?" అని అడగని చుట్టం లేదు. పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు, క్రోమోజోముల తేడా... కారణాలు డాక్టర్లు చెప్తూనే ఉన్నారు. మేనరికంలో కొన్ని జన్యు జబ్బుల ముప్పు పెరుగుతుందన్నదీ నిజమే. కాకపోతే ఆ సంబంధం కుదిర్చిన పెద్దలు పీటల మీదే ఉంటారు, మాట పడేది కోడలు.

చట్టాల దగ్గరికి వద్దాం. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు. 2016 చట్టం వాటిని 21 చేసింది. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కని రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. మంచిదే. కానీ వాటిదాకా చేరాలంటే ముందు వైకల్య సర్టిఫికెట్టు కోసం సదరం స్లాటు దొరకాలి, ఆటో దొరకాలి, బస్సు మెట్టెక్కించాలి, పిడికిలి విప్పని పిల్లాడితో వేలిముద్ర వేయించాలి. ఆ రోజు వాడు హుషారుగా నవ్వితే శాతం తగ్గుతుందేమోనని గుండె దడ. బిడ్డ నవ్వు చూసి భయపడాల్సి రావడం మాకు సిగ్గుగా ఉంది. ఆ సిగ్గు మాది కాదని ఇక్కడ రాసుకుంటున్నాం.

మా మొదటి కోరిక సెలవు. మండలానికో చోటు, అక్కడ శిక్షణ ఉన్న మనుషులు, నెలలో కొన్ని పూటలు మా పిల్లల్ని నమ్మి అప్పగించే వీలు. ఆ పూట మేం పడుకుంటామా, సినిమాకెళ్తామా ఎవరూ అడక్కూడదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్ కేసులో వైకల్యం ఉన్న బిడ్డ తల్లికి శిశు సంరక్షణ సెలవు నిరాకరించడం రాజ్యాంగ విధికి విరుద్ధమని అంది. ఆ కేసు వేసినామె ప్రభుత్వ కాలేజీలో అధ్యాపకురాలు. మిరప కోతకెళ్లే తల్లి ఎవర్ని సెలవడగాలి? కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద మంచాన ఉన్నవాళ్లను చూసుకునే మనిషికి నెలకు 600 రూపాయలిస్తారు. ఆ డబ్బు డైపర్లకే చాలదు. అయినా చూసుకోవడం కూడా పనేనని ఒక ప్రభుత్వం లెక్కలో రాసింది. మన రెండు రాష్ట్రాలూ రాయాలి, ఇంకాస్త పెద్ద అంకెతో.

ఆడపిల్లల సంగతి చాటుగా మాట్లాడుకుంటాం, అందుకే ఇక్కడ రాస్తున్నాం. నెలసరి మొదలవగానే "గర్భసంచి తీయించెయ్, నీకూ సుఖం" అనే సలహా మాలో ముగ్గురికి వచ్చింది. 1994లో పుణెలో ఇలాంటి ఆపరేషన్లు జరిగాయని దేశమంతా గగ్గోలెత్తింది. ఇప్పుడు 2016 చట్టం పదో సెక్షన్, ఆ మనిషి సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే చికిత్స కూడదంటోంది. అలసిపోయి ఆ సలహాకు తల ఊపబోయిన తల్లిని ఈ సంఘం తిట్టదు. ఆమె ఇంటికెళ్లి వారం రోజులు పని పంచుకుంటుంది.

అర్ధరాత్రి మా నిద్ర చెడగొట్టే ప్రశ్న ఒక్కటే: మేం పోయాక? బిడ్డకు పద్దెనిమిది నిండితే కన్నవాళ్లం కూడా చట్టం ముందు సంరక్షకులం కాము. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఇది మాలో సగంమందికి ఈ నోట్‌బుక్కు తెరిచాకే తెలిసింది. పెద్దయిన పిల్లలు కలిసి బతికే చిన్న ఇళ్లు జిల్లాకొకటైనా కావాలి. అనాథాశ్రమాల్లాంటివి కాదు, తలుపుకు లోపలి గడియ ఉండే ఇళ్లు.

ఒక హద్దు కూడా గీసుకున్నాం. పిల్లల తరఫున మాట్లాడటం అలవాటై, వాళ్ల మాట వినడం మరిచిపోతాం. మిథు అలూర్ సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కూతురి చదువు కోసం 1972లో ముంబయిలో స్పాస్టిక్స్ సొసైటీ పెట్టారు. ఆ కూతురు మాలినీ చిబ్ చిటికెన వేలితో టైపు చేస్తూ తన కథ తానే రాసుకుంది. మాట రాని పిల్లలు బొమ్మల చార్టు చూపించి చెప్పినా సరే, సమావేశంలో అది ఒక ఓటు.

నాన్నలూ చేరవచ్చు. వాళ్లకు చందా లేదు. నెలలో ఒక ఆదివారం ఉదయం నుంచి రాత్రి దాకా బిడ్డతో ఒంటరిగా ఉండి, మర్నాడు వచ్చి సంతకం పెడితే చాలు.

అమ్మలకు చందా ఇరవై రూపాయలు. మొదటి సమావేశం రెండో శనివారం పదింటికి, భవిత కేంద్రంలో కింది గదిలోనే, మెట్లుండవు. పిల్లల్ని తీసుకురండి. మారు బట్టలు, మందులు, ఒక చాప తెచ్చుకోండి. ఎవరైనా కేకలు పెడితే కంగారుగా లేచి బయటికి తీసుకెళ్లకండి. అక్కడ ఎవరూ తిరిగి చూడరు.