ఎత్తు తక్కువైనా పర్లేదు, గొంతు మాత్రం లేవాలి



మేము చింతలపూడిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్లం. మాలో చాలామంది బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు ఊళ్లవాళ్లం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టు బాస్కెట్‌బాల్ గురించి. "మనకి కబడ్డీ, వాలీబాల్ ఉన్నాయి కదా, ఇదెందుకు?" అనేవాళ్లు చివరిదాకా చదవండి.

మా మాట ఒక్కటే. మన పిల్లలకి ఈ ఆట నేర్పేటప్పుడు ముందు డిఫెన్స్ నేర్పాలి. అది కూడా ఒక్కొక్కరికి విడిగా కాదు, ఐదుగురికీ కలిపి ఒక పద్ధతిగా నేర్పాలి.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. బాల్ చేతికిచ్చి బుట్టలో వేయమంటారు. పొడుగున్నోడు, చిన్నప్పట్నుంచి టౌన్లో కోర్టు చూసినోడు నాలుగు వేస్తాడు, టీమ్‌లోకి పోతాడు. మనోడు గీత బయట నిలబడి బాల్ అందిస్తాడు. షూటింగ్ రావాలంటే ఏళ్ల ప్రాక్టీస్ కావాలి, రింగ్ కావాలి. డిఫెన్స్‌కి కాళ్లు, కళ్లు, గొంతు చాలు. ఆ మూడూ మన దగ్గర ఉన్నాయి.

కబడ్డీ ఆడినవాళ్లకి ఇది కొత్తేం కాదు. కూతకొచ్చినవాణ్ణి ఒక్కడే పట్టుకోబోతే విదిలించుకుని పోతాడు. కార్నర్‌వాడు కాలు పట్టిన క్షణంలోనే కవర్‌వాడు మీద పడాలి, మిగతావాళ్లు గీత వైపు దారి మూయాలి. బాస్కెట్‌బాల్ డిఫెన్స్ కూడా ఇంతే. బాల్ ఉన్నవాడి ముందు ఒకడు, బాల్‌కీ బుట్టకీ మధ్యలో నిలబడతాడు. పక్క పాస్ అందుకునేవాణ్ణి కాసేవాడు ఆ దారిలో చెయ్యి పెడతాడు. దూరంగా ఉన్నవాణ్ణి కాసేవాడు తన మనిషిని వదిలి బుట్ట వైపు జరుగుతాడు, కానీ బాల్‌నీ తన మనిషినీ రెంటినీ చూస్తుంటాడు. ముందున్నవాడు ఓడిపోతే ఇతను అడ్డొస్తాడు, ఇతని మనిషిని ఇంకొకడు అందుకుంటాడు.

దీన్ని నేర్పడానికి షెల్ డ్రిల్ అని ఒకటుంది. నలుగురు బయట బాల్ తిప్పుతారు, నలుగురు కాస్తారు. మొదట్లో బాల్ లాక్కోకూడదు. బాల్ గాల్లో ఉండగానే నలుగురూ తమ చోటుకి జరగాలి, అంతే. అది కుదిరాక బాల్ ఉన్నవాణ్ణి లోపలికి దూసుకుపోనిస్తారు, అప్పుడు అడ్డం పడటం నేర్పుతారు. ఆఖర్న నిజం ఆట. మొదటి మెట్టుకి రింగ్ కూడా అక్కర్లేదు. ఒక్క బాల్, సుద్దతో గీసిన గీతలు చాలు.

పొట్టి టీమ్ అనగానే కొందరు జోన్‌లో నిలబెట్టేస్తారు. చాలా దేశాల్లో చిన్నపిల్లల మ్యాచుల్లో జోన్ ఆడనివ్వరు. ముందు మనిషిని కాయడం రావాలి, చోటుని కాయడం తర్వాత.

"ఎత్తు లేకపోతే ఎన్ని నేర్పినా దండగ" అనేవాళ్లకి ఒక లెక్క చెప్తాం. 2014 జూలైలో చైనాలోని ఊహాన్‌లో జరిగిన ఫిబా ఆసియా కప్‌లో భారత్ 65-58తో చైనాని ఓడించింది. ఆసియాలో ఎన్నోసార్లు కప్పు కొట్టిన చైనాని వాళ్ల గడ్డమీదే 58 దగ్గర ఆపారు. 65 పెద్ద స్కోరేం కాదు, అవతలివాళ్లని ఆపారు కాబట్టే అది సరిపోయింది.

ఇక అసలు సంగతి. డిఫెన్స్‌లో ఐదుగురూ మాట్లాడుతూ ఉండాలి. "బాల్ నాది", "ఎడమ అడ్డు", "హెల్ప్ ఉన్నా" అని అరవాలి. వెనకవాడికి కనపడేది ముందున్నవాడికి కనపడదు. మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. క్లాసులో జవాబు తెలిసినా చెప్పం. కోయ ఇళ్లల్లో కోయ, కొండరెడ్ల ఇళ్లల్లో వాళ్ల యాస, బడిలో పుస్తకం తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. నోరు తెరిస్తే ఎవరు నవ్వుతారోనని భయం. ఒక మ్యాచ్‌లో మా కుర్రాళ్లు కోయలో కేకలేసుకుంటుంటే గట్టు మీద ఒక పెద్దమనిషి "మనుషుల భాష మాట్లాడండ్రా" అన్నాడు. చుట్టూ నవ్వారు. మావాళ్ల నోళ్లు మూతపడ్డాయి. అక్కణ్ణుంచి ఎవడికి ఎవడు అడ్డు రావాలో తెలీక పాయింట్లు పోతూనే ఉన్నాయి.

అందుకే అంటున్నాం, కేకలు కోయలోనే పెట్టుకోండి. ఏ రూల్ కూడా వద్దనదు. పైగా అవతలి టీమ్‌కి అర్థం కాదు, అది మనకే లాభం! గొంతెత్తడం కోర్టులో అలవాటైతే రేపు క్లాసులో, ఇంటర్వ్యూలో, గ్రామసభలో కూడా లేస్తుంది.

సిమెంటు కోర్టు మీద ఉత్త కాళ్లతో పక్కకి జరిగితే చర్మం లేస్తుంది, ఆ కష్టం మాకు తెలుసు. అందుకే హాస్టళ్లకి సామాను ఇచ్చేటప్పుడు బాల్స్ కన్నా ముందు బూట్లు అడగండి. అమ్మాయిల హాస్టళ్లలో రింగ్ ఆటతో సరిపెట్టేస్తున్నారు, వాళ్లకీ కోర్టులో టైం ఇవ్వాలి. సీనియర్లూ, సెలవులకి ఊరొచ్చినప్పుడు రోజుకి ఇరవై నిమిషాలు తమ్ముళ్లకి, చెల్లెళ్లకి షెల్ డ్రిల్ చేయించండి. పీడీ సార్లూ, సెలక్షన్ రోజు ఎన్ని బుట్టలేశాడో రాసుకుంటారు కదా, ఎన్నిసార్లు పక్కవాడికి అడ్డొచ్చాడో కూడా రాసుకోండి.

అప్పుడు మనోళ్ల పేర్లు ఆ కాగితంలో ఉంటాయి.

జై ఆదివాసీ.