కాపురమునకు ఏ యూరు?

హైదరాబాదు అద్దెలకును రద్దీకిని వేసారిన కుటుంబీకులు కొందరు "కర్నూలున కాపురము పెట్టుదుమా, కడపలోనా?" యని మమ్ము అడుగుచున్నారు. అద్దె యెంతయని విచారించుటకు ముందు రెండు ప్రశ్నలు కలవు: యజమాని పనికి పోవు టెట్లు? వేసవిలో ఇంటికి నీరు వచ్చు టెట్లు?

కర్నూలు హైదరాబాదునకు 44వ జాతీయ రహదారిపై సుమారు 210 కిలోమీటర్లు. కడప అందుకు దాదాపు రెట్టింపు. అనుదినమును పోయివచ్చుట రెండింటను కల్ల. వారమున కొకమారు ఇల్లు చేరుటకు సమ్మతించువానికి కర్నూలు తగును. నిత్యము ఇల్లు చేరగోరువాడు షాదునగరు దాటరాదు.

ఇక నీరు. కడప చెంతనున్న పెన్నలో తరచు ఇసుకయే కనబడును. తుంగభద్ర యొడ్డున నున్నంతమాత్రమున కర్నూలు కొళాయి నిండదు. 2009 అక్టోబరులో ఆ నదియే హంద్రితో కూడి వీధులను ముంచినది. కనుక ఇంటిని వైశాఖమున నీటికొరకును, వానకాలమున మెరకకొరకును రెండుమార్లు చూడవలెను.

1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని యైనప్పుడు ఉద్యోగులు గుడారములలో కచేరీలు నడిపిరి. 1956లో ఆ వైభవము తరలిపోయెను. వచ్చినవారిని నిలుపునది పేరు కాదు, నీరు. రాయలసీమ నగరపాలకులారా! క్రొత్తవారిని పిలుచుటకు ముందు పాతవారి బిందెలు నింపుడు.