పిడికెడు గురి

హాంగ్జౌ ఆసియా క్రీడల్లో (2023) విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచినప్పుడు ఆమె చేతిలోని విల్లును టీవీలో అందరూ చూశారు. రెండు కొసల్లో కప్పీలు, వాటి మధ్య తాళ్ల అల్లిక. దాని పేరు కాంపౌండ్ విల్లు. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ దానికి 1969లో పేటెంట్ పొందాడు. ఆయన మనసులో ఉన్నది పతకాలు కాదు, వేట. ఇప్పటికీ అమెరికాలో ఏటా వసంతం రాగానే ఆ విల్లు పట్టుకుని అడవి టర్కీ కోసం మాటు వేసేవాళ్లు చాలామంది. పోటీలో, అడవిలో వాడే విల్లు ఒక్కటే. గురి లెక్క మాత్రం వేరు.

పోటీలో 50 మీటర్ల దూరాన ఉండే లక్ష్యంలో పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు. పెద్ద టర్కీ పుంజు ఎనిమిది, తొమ్మిది కిలోలు తూగినా దాని గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మన పిడికిలికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే రెండు గురులూ దాదాపు ఒకే కొలత. అయినా అనుభవమున్న వేటగాళ్లు 20 గజాలు దాటితే బాణం వదలరు. కారణం సులువే. లక్ష్యం కాగితమైతే తప్పిన గురికి ఒక పాయింటు పోతుంది. ఇక్కడ తప్పితే ఒక పక్షి గాయంతో పొదల్లోకి పారిపోయి నెమ్మదిగా చస్తుంది. అది వేటగాడికీ దక్కదు, అడవికీ మిగలదు.

టర్కీ మన నెమలికి దాయాది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన పక్షులు. పెట్టలను ఆకర్షించడానికి పుంజు తోకను విసనకర్రలా విప్పి, ఒళ్లంతా ఉబ్బించి తిరుగుతుంది. చూసేవాడిని మోసం చేసేది ఈ ఉబ్బే. కంటికి కనిపించే ఆకారంలో సగానికి సగం ఈకలే. వాటి మధ్యలోకి కొట్టిన బాణం ఒక్కోసారి రెండు ఈకలు రాల్చి పోతుంది. జింకల వేటకు అలవాటు పడ్డవారు చేసే పొరపాటు మరొకటుంది. జింకకైతే ముందు కాలి వెనక, కింది భాగానికి గురిపెడతారు. టర్కీలో ఆయువుపట్టు వాళ్లు అనుకునే దానికంటే పైకి, వెనక్కి ఉంటుంది. ముందుకు, కిందికి తగిలిన బాణం రొమ్ము కండలో దిగుతుంది. దెబ్బ తిన్నా పక్షి ఎగిరిపోతుంది.

అందుకే గురిని పక్షి నిలబడ్డ తీరును బట్టి నేర్చుకోవాలి. పక్కకు తిరిగి ఉంటే కాళ్ల వెంబడి చూపును పైకి తీసుకెళ్లి, రెక్క ఒంటికి అతుక్కునే చోట ఆపాలి. ఎదురుగా ఉంటే ఛాతీ మీద వేలాడే నల్లని కుచ్చు మొదలుకు కాస్త పైన. వెనక్కి తిరిగి తోక విప్పి ఉంటే ఆ విసనకర్ర మొదట్లో, నడిమధ్య. ఈ చివరి భంగిమలో ఇంకో వెసులుబాటు ఉంది. విప్పిన తోక దాని చూపుకే అడ్డం కాబట్టి నారి లాగే కదలిక కనిపించదు. మామూలుగా టర్కీ కంటిని మోసగించడం చాలా కష్టం. తల కాస్త తిప్పితే చాలు, చుట్టూ ఉన్నదంతా దానికి కనిపిస్తుంది. విల్లు పట్టినవారు గుడారం లాంటి మాటులో కూర్చునేది అందుకే.

ఇక ములికి సంగతి. దుకాణాల్లో ఎక్కువ చర్చ జరిగేది దీని మీదే. వేటకు వాడే బ్రాడ్‌హెడ్ ములుకులు ముఖ్యంగా రెండు రకాలు. కదలని బ్లేళ్లున్నవి గట్టివి, లోతుగా దిగుతాయి. కానీ ఆ బ్లేళ్లకు గాలి తగిలి బాణం దారి తప్పే అవకాశముంది కాబట్టి విల్లును వాటికి తగ్గట్టు సరిచేసుకోవాలి. రెండో రకం తగలగానే బ్లేళ్లు విచ్చుకునే మెకానికల్ ములుకులు. గాలిలో ముడుచుకుని నేరుగా పోతాయి, తగిలాక ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల వెడల్పున, కొన్ని అంతకంటే ఎక్కువగా కోస్తాయి. టర్కీ ఒళ్లు జింకంత దళసరి కాదు. గురి చిన్నది. కాబట్టి లోతు కంటే వెడల్పే మేలని చాలామంది వీటికే మొగ్గుతారు. అయితే విచ్చుకోవడానికి బాణం బలం కొంత ఖర్చవుతుంది. తక్కువ బలమున్న విల్లు వాడేవారికి మొదటి రకమే నయం. మాటు కిటికీకి వల ఉంటే అది తగిలి మెకానికల్ బ్లేళ్లు ముందే విచ్చుకునే ప్రమాదమూ ఉంది.

మెడను తెగ్గొట్టడానికి సుమారు నాలుగు అంగుళాల బ్లేళ్లతో వచ్చే ములుకులు కూడా ఉన్నాయి. తగిలితే అక్కడికక్కడే, తప్పితే గాయం ఉండదని వీటిని మెచ్చుకుంటారు. కానీ టర్కీ తల క్షణం నిలకడగా ఉండదు. ఇంత పెద్ద బ్లేళ్లతో బాణం ఎక్కువ దూరం సూటిగా పోదు కూడా. ఏది కొన్నా బరువు సాధన చేసే ములికితో సమానంగా ఉండాలి. 100, 125 గ్రెయిన్లవి ఎక్కువగా దొరుకుతాయి. పెట్టెలోంచి తీసిన ములికిని ఒక్కసారి కూడా వేసి చూడకుండా అడవికి వెళ్లకూడదు. సాధనలో మొద్దుబారిన బ్లేడును మార్చకుండా వెళ్లడమూ అంతే తప్పు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే బాణం చంపేది రక్తస్రావంతో. జింక అయితే నేల మీద నెత్తుటి జాడ వదులుతుంది. టర్కీ ఈకలు ఆ నెత్తురును పీల్చేస్తాయి. పైగా అది ఎగరగలదు. రెక్క విప్పితే జాడ అక్కడితో ఆఖరు.

ఈ వేటకు మరో కోణముంది. గత శతాబ్దం మొదట్లో అమెరికాలో అడవి టర్కీలు దాదాపు అంతరించే దశకు చేరాయి. 1937లో తెచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీది పన్ను డబ్బును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. 1972లో విల్లంబులనూ అందులో చేర్చారు. అంటే ములికి కొన్న ప్రతివాడూ ఆ పక్షి పెంపకానికి కొంత చెల్లించినట్టే. పట్టి తెచ్చి కొత్త అడవుల్లో వదలడం వల్ల వాటి సంఖ్య లక్షల్లోకి పెరిగింది. అదే 1972లో మన దేశం వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు కళ్లెం వేసింది. 1991 సవరణతో దాదాపు తలుపులు మూసేసింది. రెండు దేశాలవి రెండు దారులు. ఏది మేలన్న వాదన ఎప్పటికీ తెగదు.

అయితే అమెరికా దారిలో ఒక షరతు ఉంది. తీసిన పక్షి ప్రతిదీ లెక్కలోకి రావాలి. ఆగ్నేయ రాష్ట్రాల్లో టర్కీలు మళ్లీ తగ్గుతున్నాయి. తెలుగువారు ఎక్కువగా స్థిరపడ్డ అట్లాంటా ఉన్న జార్జియానే చూడండి. 2022లో సీజన్‌ను ఆలస్యంగా మొదలుపెట్టి, ఒక్కో వేటగాడి కోటాను మూడు నుంచి రెండుకు కుదించింది. గాయపడి పొదల్లో చచ్చిన పక్షి ఈ కోటాలోకి రాదు. కానీ అడవిలో మాత్రం ఒకటి తగ్గుతుంది.

అక్కడ స్నేహితుల వెంట మొదటిసారి ఈ వేటకు వెళ్లే తెలుగు కుర్రాళ్లు ములికి ఎంచుకునే ముందు టర్కీ బొమ్మను మూడు వైపులా నిలబెట్టి, 10, 15, 20 గజాల నుంచి బాణాలు వేసి చూసుకోవాలి. వరసగా అన్నీ పిడికెడు చోటులో పడే దూరమేదో అదే వాళ్ల హద్దు. పుంజు ఆ హద్దుకు అవతలే ఆగిపోయినా, నిలబడ్డ తీరు అర్థం కాకపోయినా నారి వదలకుండా దించేయాలి. అది రేపు మళ్లీ కూస్తుంది.